మెతుకు మాత్రం చిన్నదవదు: రెండు బుల్లి వంటింటి సెట్ల సమీక్ష

అరచేతిలో ఇమిడే తిరగలి ఒకటి ఇప్పుడు నా రాతబల్ల మీద ఉంది. దాని అడ్డకొలత 45 మిల్లీమీటర్లు. పై దిమ్మను చూపుడు వేలితో తోస్తే మధ్యనున్న మేకు చుట్టూ ఒకటిన్నర చుట్టు తిరిగి, కర్ర కర్రను రాసుకునే సన్నని చప్పుడు చేసి ఆగుతుంది. గడచిన నాలుగు నెలల్లో మా ఇంటికి వచ్చినవాళ్లలో దీన్ని ఒక్కసారైనా తిప్పకుండా లేచి వెళ్లినవారు లేరు; కరెంటు మీటరు చూడడానికి వచ్చిన కుర్రాడు కూడా తిప్పే వెళ్లాడు. ఇది ఏటికొప్పాకలో నేను కొన్న 24 ముక్కల లక్కపిడతల సెట్టులోది. దాదాపు అదే సమయంలో, నిజంగా వంట చేసుకోవచ్చునని చెప్పి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక స్టీలు సెట్టును కూడా తెప్పించాను. రెండింటినీ ఇన్నాళ్లు వాడి చూశాక, కొనదలచుకున్నవారికి పనికివచ్చే సంగతులు కొన్ని ఉన్నాయనిపించి ఇది రాస్తున్నాను.

కొనడానికి కారణం మా మేనకోడలు. దానికి ఏడేళ్లు. మట్టి పొయ్యి మీద బొటనవేలంత మూకుడు పెట్టి, అందులో గోరంత ఉల్లిపాయ ముక్కలు వేయించే వీడియోలు ఫోనులో విసుగు లేకుండా చూస్తుంది. మన వంటింట్లో జరిగేదే కదా, అందులో కొత్తేముందే అని నేనడిగితే, "ఇది బుజ్జిది కదత్తా" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆ జవాబులో తప్పు లేదు గాని, అది సగం జవాబేనని నాకు తోచింది. ఎందుకంటే బుజ్జివన్నీ ముద్దు రావు. తాళంచెవుల గుత్తులకు వేలాడే ప్లాస్టిక్ కెమెరాలు, టీవీలు, ఫోనులు కూడా బుజ్జివే; వాటిని ఒకసారి చూసి పక్కన పడేస్తాం. మరికొన్నింటిని మాత్రం చేతిలోంచి వదలబుద్ధి కాదు. ఆ తేడా ఎక్కడుందో ఈ రెండు సెట్లనూ పక్కపక్కన పెట్టుకుని చూశాకే నాకు కొంత బోధపడింది.

పిడత అంటే చిన్న కుండ. లక్క పూసిన చిన్న కుండలు గనుక లక్కపిడతలయ్యాయి. రానురాను ఆ మాట పిల్లల వంటింటి ఆటసామాను మొత్తానికీ పేరైపోయింది. స్టీలుతో చేసినా, ప్లాస్టిక్‌తో పోతపోసినా మా అమ్మ వాటిని లక్కపిడతలనే అంటుంది. వాటితో పిల్లలు వండే ఉత్తుత్తి వంటకు గుజ్జనగూళ్లన్న పాత మాట కూడా మనకుంది. ఫోనుల్లో ఇప్పుడు జనం కొత్తగా ఆశ్చర్యపోతున్న ఈ సరదాకు పాత్ర పేరు, వంట పేరు రెండూ మన భాషలో ఎప్పుడో స్థిరపడి ఉన్నాయన్నమాట.

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో, యలమంచిలికి దగ్గరలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. ఇక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజమైన రంగులను తిరిగి వాడుకలోకి తేవడానికి ఏళ్ల తరబడి పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఊరేగిన ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే. రాష్ట్రాల శకటాల్లో దానికి మూడో స్థానం దక్కింది. గుర్తింపుల మాట అలా ఉంచితే, డబ్బిచ్చి కొనేవారికి కావలసింది పనితనం గనుక దాని సంగతి కాస్త వివరంగా చెబుతాను.

బొమ్మలకు వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా ఉండి, ఉలికి పీచు లేవకుండా తెగుతుంది. బాగా ఆరిన కొమ్మను కావలసిన పొడవుకు కోసి, తరిణి అనే తిరుగుడు యంత్రానికి బిగించి, అది తిరుగుతుండగా ఉలి ఆనించి ఆకారం తీస్తారు. పూర్వం తాడు చుట్టి చేత్తో లాగి తిప్పిన తరిణి ఇప్పుడు మోటారుతో తిరుగుతోంది. ఆకారం వచ్చాక, రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు గట్టిగా అదుముతారు. ఆ రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ మీదట మొగలి ఆకుతో రుద్దితే మెరుపు తేలుతుంది. కుంచె లేదు, వార్నిష్ లేదు. నేను నిలబడి చూసిన పావుగంటలో ఆ పనివాడు ఒక్కసారి కూడా కొలబద్ద తీయలేదు. ఒక చెంబు చేసి పక్కన పెట్టి, దానివైపు మళ్లీ చూడకుండానే ఇంకో చెంబు చేశాడు. రెండూ నా చేతికిచ్చాక తిప్పి తిప్పి చూస్తే మెడ దగ్గర వెంట్రుకవాసి తేడా కనిపించింది. నేను కొన్నది ఆ రెండోదే.

పసుపు, నీలి, జాఫరా గింజలు, కరక్కాయ వంటివాటి నుంచి రంగులు తీస్తారు కాబట్టి ఇక్కడి ఎరుపు కంట్లో పొడవదు, పచ్చ మెరిసిపోదు. అన్నీ ఒక మెట్టు కిందికి దిగి ఉంటాయి. ప్లాస్టిక్ బొమ్మల రంగులకు అలవాటుపడిన కళ్లకు మొదట ఇవి కొంచెం వెలిసినట్టు కనిపించవచ్చు. మా మేనకోడలికీ అలాగే కనిపించి, "పాతవా అత్తా ఇవి?" అని అడిగింది. రెండు రోజులు పోయాక ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

సెట్టులో రోలు, రోకలి, రుబ్బురోలు, తిరగలి, కవ్వం, బిందె, చెంబు, గ్లాసులు, మూతలున్న గిన్నెలు, మూకుడు, గరిటలు, చపాతీ పీట, కర్ర, పొయ్యి, వీటితో పాటు ఈ కాలానికి తగ్గట్టు గ్యాసు సిలిండరు కూడా ఉన్నాయి. వీటన్నిటిలో నాకు అన్నిటికంటే నచ్చింది మధ్యరకం గిన్నె మూత. ఆ మూతను గిన్నె మీద అలా వదిలితే లోపలి గాలి తప్పుకోవడానికి అరక్షణం ఆగి, మెల్లగా దిగి కూర్చుంటుంది. కొలబద్ద పట్టని చెయ్యి అంత సరిగ్గా చెక్కిందంటే, ఆ గిన్నె కొనడానికి ఆ ఒక్క కారణం చాలు. కవ్వం తలకాయకు ఎనిమిది గాట్లున్నాయి. ఒక్కొక్కటి బియ్యపు గింజ మందం. దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పితే నిజం కవ్వంలాగే అటూ ఇటూ ఊగుతూ తిరుగుతుంది.

లోపాలున్నాయి. తరిణి మీద పుట్టేవన్నీ గుండ్రటివే. కాబట్టి గుండ్రంగా లేని వస్తువు ఈ సెట్టులోకి రాదు, వస్తే గుండ్రంగా మారి వస్తుంది. కత్తిపీట లేదు. చేట లేదు. మూడు రాళ్ల పొయ్యికి బదులు గుమ్మడికాయను అడ్డంగా కోసినట్టున్న పొయ్యి ఒకటి ఉంది. దాన్ని చూసి పొయ్యి అని నేను చెప్పవలసి వచ్చింది. గరిట కాడ మరీ లావు. రుబ్బురోలులో పొత్రం కదలదు, దాన్ని రోలుకు అతికించేశారు. తిరగలి తిరిగే సెట్టులో రుబ్బురోలు తిరగకపోవడం నాకు పెద్ద వెలితిగానే తోచింది. మా పిల్ల కూడా మొదటి రోజే దాన్ని పక్కకు పెట్టేసింది.

తిరగలి గురించి మేనకోడలితో జరిగిన మాటలు చెప్పాలి. దాన్ని చూడగానే, "అత్తా, ఇది ఫోను ఛార్జింగ్ పెట్టేదా?" అని అడిగింది. గుండ్రంగా, చదునుగా, కాస్త ఎత్తుగా ఉంది గనుక ఆ ఊహ సహజమే. మా ఇంట్లో నిజం తిరగలి ఏనాడో పోయింది. పిల్ల దాన్ని ఎన్నడూ చూసి ఎరగదు. దానికి ఈ తిరగలి ఏ పెద్ద వస్తువుకూ నమూనా కాదు. అయినా సెట్టులో అది అన్నిటికంటే ఎక్కువసార్లు ముట్టుకున్నది తిరగలినే. ఫలానా పెద్ద వస్తువు గుర్తుకు రావడం వల్లనే చిన్న వస్తువు మీద ముచ్చట పుడుతుందని నేను అప్పటిదాకా అనుకునేదాన్ని. పిల్లకు గుర్తుకు రావడానికి ఏమీ లేదు. తిరగలి తిరుగుతోంది, అంతే. చిన్న వస్తువు తన పని తాను చేయడమే ఆ పిల్లను పట్టి ఉంచింది.

కొలబద్దతో కొలిచి చూస్తే ఈ సెట్టులో పొందిక లేదనే చెప్పాలి. ఇళ్లలో ఉండే తిరగలి మూరెడు అడ్డకొలతతో ఉంటుందనుకుంటే ఇది దానికి పదో వంతు. బిందె ఏడో వంతు పడుతుంది. నాలుగున్నర అడుగులుండే రోకలి ఇక్కడ 75 మిల్లీమీటర్లే, అంటే పద్దెనిమిదో వంతు. గరిట మాత్రం ఐదో వంతు ఉంది. అందువల్ల గరిటా, రోకలీ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. పాశ్చాత్య దేశాల్లో బొమ్మల ఇళ్లు కట్టేవాళ్లు ఈ విషయంలో చాలా నిక్కచ్చి. అడుగుకు అంగుళం, అంటే పన్నెండో వంతు అని ఒక లెక్క పెట్టుకుని కుర్చీ నుంచి చెంచా దాకా అన్నీ దానికి తగ్గట్టే చేస్తారు. కొత్త ఢిల్లీకి రూపురేఖలు దిద్దిన లుట్యెన్సే 1920ల మొదట్లో బ్రిటన్ రాణి మేరీ కోసం అలాంటి బొమ్మల ఇల్లు ఒకటి గీశాడు. విండ్సర్ కోటలో ఉన్న ఆ ఇంట్లో కుళాయిల్లో నీళ్లొస్తాయి, లిఫ్టులు కదులుతాయి, విద్యుద్దీపాలు వెలుగుతాయి, నేలమాళిగలో బుల్లి సీసాల నిండా నిజమైన ద్రాక్షసారా పోశారు.

ఆ లెక్కతో చూస్తే మన లక్కపిడతలు పరీక్షలో తప్పినట్టే. కాని కాసేపు వాటితో ఆడుకుంటే వేరే లెక్క ఒకటి కనిపిస్తుంది. గరిట ఐదో వంతు ఎందుకుంది? అంతకంటే సన్నగా చేస్తే పిల్లల వేళ్లకు పట్టు దొరకదు, కర్ర విరుగుతుంది. రోకలి పద్దెనిమిదో వంతు ఎందుకైంది? అంతకంటే పొడవుగా ఉంటే కూర్చుని ఆడుకునే పిల్ల మోచెయ్యి ఎత్తలేక అవస్థ పడుతుంది. రాణి గారి ఇల్లు అద్దాల వెనక నుంచి చూడవలసిన వస్తువు కాబట్టి దానికి కన్ను కొలబద్ద. ఇక్కడ కొలబద్ద పిల్ల చెయ్యి. నేను ఈ సెట్టుకు పొందిక కింద తీసేసిన మార్కులు, ఆ సంగతి తోచాక చాలావరకు తిరిగి వేసేశాను. గరిట కాడ లావును మాత్రం ఇప్పటికీ మన్నించలేదు.

ఇక స్టీలు సెట్టు. అమ్మకందారు పేరు ఇక్కడ అనవసరం. ఇరవై ముక్కలన్నారు, పంతొమ్మిదే వచ్చాయి. రానిది చారు గిన్నె మూత. ఫిర్యాదు చేస్తే, బొమ్మ చూసి లెక్కపెట్టుకోండని జవాబు వచ్చింది; లెక్కపెట్టే ఫిర్యాదు చేశానని రాశాక ఇక జవాబు లేదు. రెండు గిన్నెల అంచులు నున్నగా తీయకపోవడం వల్ల మొదటి రోజే నా వేలు గీరుకుంది. సన్నని ఆకురాయి కాగితంతో రుద్దాక గాని వాటిని పిల్ల చేతికివ్వలేదు. ఈ రెండు మాటలు తప్పిస్తే చూపుకు సెట్టు చక్కగా ఉంది. పొందిక దాదాపు అన్నిటా ఆరో వంతు. దోసె పెనం, ఇడ్లీ రేకులు, మూకుడు, పాల గిన్నె, పప్పు గిన్నె, జల్లి గరిట, టీ వడకట్టు, మూతకు విజిల్ అతికించిన కుక్కరు ఇందులో ఉన్నాయి. పొయ్యి కింద చిన్న గిన్నెలో ఉండే మైనపువత్తి పెట్టుకోవాలి. కుక్కరు విజిల్ అలంకారమే, మూత బిగియదు. అది బిగియకపోవడమే మేలు.

ఇలాంటి సెట్టు కొనేవారు ముందుగా ఒక లెక్క తెలుసుకోవాలి. మనం రోజూ వాడే ఐదు లీటర్ల కుక్కరును పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటా ఆరో వంతుకు కుదిస్తే, అందులో పట్టేది ఆరో వంతు కాదు, 216వ వంతు. అంటే 23 మిల్లీలీటర్లు. దగ్గు మందు సీసా మూతతో రెండు మూతలన్నమాట. పట్టేది ఇంతగా తగ్గినా పాత్ర ఒంటి వైశాల్యం మాత్రం 36వ వంతుకే తగ్గుతుంది. లోపలి సరుకుతో పోలిస్తే చుట్టూ గాలికి తగిలే రేకు ఎక్కువన్నమాట, కాబట్టి వేడి ఎంత వస్తున్నా అంతా బయటికి పోతూనే ఉంటుంది. నాలుగు చెంచాల పాలు పొంగు రావడానికి మా మైనపువత్తి తొమ్మిది నిమిషాలు తీసుకుంది. కిందికి దింపి గ్లాసు వెతికేలోగా అవి చల్లారిపోయాయి. గిన్నె అడుగున మసి మాత్రం పెద్ద పొయ్యికి తీసిపోకుండా పట్టింది.

నీళ్ల సంగతి ఇంకా చిత్రం. టీ వడకట్టు పట్టుకుని అందులో టీ పోస్తే కిందికి దిగలేదు. కన్నాలు మరీ చిన్నవవడంతో ప్రతి కన్నంలోనూ ఒక పొర అడ్డం పడి, టీ అంతా వడకట్టులోనే నిలిచిపోయింది. కింద వేలితో తాకితే అప్పుడు బొట్టు బొట్టుగా దిగింది. పాల గిన్నె మూతి నుంచి వంచినా అంతే. ధార పడదు, పాలు గిన్నె ఒంటిని పట్టుకునే కిందికి పాకి వేళ్ల మీదికి వస్తాయి. గిన్నె ఆరో వంతయింది గాని నీటిబొట్టు ఎప్పటి సైజులోనే ఉంది. దానికి ఎవరూ చెప్పలేదు కాబోలు.

పోపు వేద్దామని మూకుడులో రెండు బొట్లు నూనె పోసి, నాలుగు ఆవాలు వేశాం. ఆరో వంతు మూకుడులో ఆవగింజ అంటే, నిజం మూకుడులో రేగుపండు వేసినట్టు. చిటపటలాడిన మొదటి ఆవగింజ మూకుడు దాటి, పొయ్యి దాటి, బల్ల అంచు దాకా పోయింది. పిల్ల పగలబడి నవ్వింది గాని కూర మాత్రం ఆవాలు, కూర అని రెండు వస్తువులుగానే మిగిలిపోయింది. దోసె అంతకంటే నయం. 27 మిల్లీమీటర్ల అడ్డకొలత ఉన్న పదిరూపాయల బిళ్లంత దోసె వచ్చింది, అంచు ఎర్రగా కాలింది, వాసన కూడా దోసె వాసనే. కాని దోసెకు పడే చిల్లులు ఎప్పటిలాగే పెద్దవి. అందువల్ల ఆ దోసెకు సరిగ్గా మూడే చిల్లులున్నాయి, చూడడానికి చొక్కా గుండీలాగా ఉంది.

అన్నం దగ్గర సెట్టు పూర్తిగా చేతులెత్తేసింది. సోనామసూరి బియ్యం చిటికెడు తీసి, గిన్నెలో వేసి, అరగంట తంటాలు పడి ఉడికించాం. ఉడికింది. పళ్లెంలో పెట్టాక చూస్తే పద్నాలుగు మెతుకులు. ఆ పళ్లెం పక్కన ఒక్కో మెతుకు ఖర్జూరం కాయంత కనిపిస్తోంది. అంతదాకా ముచ్చటగా, నమ్మబుద్ధేసేలా ఉన్న వంటిల్లు కాస్తా ఆ మెతుకులు పడగానే రేకుముక్కల కుప్పలా కనిపించింది. పిల్ల కూడా మొహం చిన్నబుచ్చుకుని, "బుజ్జి బియ్యం ఉండవా అత్తా?" అంది.

వరండాలో కూర్చుని ఇదంతా వింటున్న మా అమ్మ లోపలికి వచ్చి, "నూకలెయ్యండే. లక్కపిడతల్లో బియ్యం ఎవరేస్తారు?" అంది.

అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. చిన్నప్పుడు వాళ్లు తులసికోట వెనక ఆడుకునేటప్పుడు నూకలే అన్నం, గసగసాలే లడ్లు, బెల్లం తురుమే చక్కెర. ఆవాలకు బదులు కొంచెం వాము. కొత్తిమీరకు బదులు తోటలో దొరికే ఏదో సన్నాకు. అది తినేది కాదు, చూసుకునేదే. పాత్ర కుదించినప్పుడు దినుసును కుదించలేం గనుక, ఆ కొలతకు సరిపోయే వేరే దినుసును తెచ్చి దాని పేరు పెట్టేయాలి. కొలతల లెక్కలు, కన్నాల లెక్కలు చూసి నేను తల పట్టుకుంటున్న చిక్కును ఆ ఆడపిల్లలు పెరట్లో కూర్చుని పరిష్కరించుకున్నారు. మేము అమ్మ మాట ప్రకారం, జల్లించిన సన్న నూకలు వేసి వండితే ఆరు నిమిషాల్లో అన్నమైంది. పళ్లెంలో కుప్పగా పోస్తే, పైన గుంట చేసి నెయ్యి వేయడానికి కూడా వీలైంది. నెయ్యి అగ్గిపుల్ల మొనతో వేశాం. ఉప్పు కూడా అలాగే. చిటికెడు వేస్తే ఆ గిన్నెకు అది గుప్పెడు.

ఆ రోజు తరువాత స్టీలు సెట్టు పట్ల నా మనసు కొంత మెత్తబడింది. పెట్టె మీద రాసుకున్న బిర్యానీలు, నూడుల్స్ దానిలో కావు. నూకల అన్నం, చిన్న రవ్వ ఉప్మా, పెసరపప్పు బదులు గసగసాల పాయసం, గుండీ దోసెలు అవుతాయి. అవయ్యేటప్పుడు మాత్రం ఆ ముచ్చట ముచ్చటే.

సెట్టుతో పాటు వచ్చిన బ్యాటరీ మిక్సీ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. చప్పుడు దాని ఒంటికి మించి చేస్తుంది. బ్లేడు తిరుగుతుంది, పచ్చడి మాత్రం తిరగదు. పల్లీ పలుకు ఒకటి బ్లేడుకూ గోడకూ మధ్య ఇరుక్కుంటే మోటారు మూలిగి ఆగిపోయింది. కర్ర రోలులో కర్ర రోకలితో అదే పల్లీని పొడిచేసింది మా మేనకోడలు.

ఈ రెండు సెట్లనూ కలిపి ఆడుకోనివ్వకండి. ఇది నా అనుభవం మీద చెబుతున్నాను. ఒకరోజు పిల్ల పొయ్యి మీది స్టీలు మూకుడును పట్టకారుతో దింపి, దగ్గరలో ఉంది కదా అని ఏటికొప్పాక చపాతీ పీట మీద పెట్టింది. లక్క సుమారు 75 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మూకుడు తీసేసరికి పీట నడుమ పావలా బిళ్లంత మచ్చ, దాని చుట్టూ మూకుడు అడుగు గీసిన గుండ్రటి గీత. తప్పు నాది, పక్కన కూర్చున్నది నేనే. ఆ పీటను పారేద్దామనుకుంటే పిల్ల ఒప్పుకోలేదు, ఇప్పుడు అది నిజంగా వాడిన పీటలాగా ఉందట. లక్కపిడతలను తడపకూడదు, ఎండలో ఆరబెట్టకూడదు. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. వానాకాలంలో కర్ర తేమ పీల్చుకుని నాకు నచ్చిన ఆ మూత నాలుగు రోజులు బిగుసుకుపోయింది. బలవంతం చేయకుండా బియ్యం డబ్బాలో పెట్టి ఉంచితే మళ్లీ వదులైంది.

చిన్న పిల్లలున్న ఇళ్లవారు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలను పరీక్షించేటప్పుడు 31.7 మిల్లీమీటర్ల అడ్డకొలత గల గొట్టం ఒకటి వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయే ముక్క గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క. పదిరూపాయల బిళ్ల అందులో పడిపోతుంది. ఆ లెక్కన ఈ రెండు సెట్లలోనూ గ్లాసులు, చిన్న మూతల వంటివి పడిపోయేవే. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల విభాగంలో నమోదైన కళాకారులు చేసి అమ్మేవాటికి, భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువులను నమోదైన హక్కుదారులు చేసి అమ్మినప్పుడు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి లక్కపిడతల మీద ఆ గుర్తు కనిపించకపోతే కంగారు పడనక్కరలేదు. నాకు వచ్చిన స్టీలు సెట్టు మీద కూడా ఆ గుర్తు లేదు. అట్టపెట్టె అడుగున సన్నని అక్షరాలతో ఇది బొమ్మ కాదు, అలంకరణ సామగ్రి అని రాసుంది. పైన బొమ్మలో మాత్రం ఇద్దరు పిల్లలు నవ్వుతూ వండుతున్నారు. కొనే ముందు పెట్టె అడుగు చూడండి.

ధరల మాటకొస్తే, లక్కపిడతల సెట్టుకు నేను 850 రూపాయలిచ్చాను, స్టీలు సెట్టుకు 2,100. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లవారికి, వాడకుండా చూసుకోవడానికైనా సరే, మొదటిదే నేను చెబుతాను. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలుండి, పక్కన ఒక పెద్దమనిషి కూర్చునే తీరిక ఉన్నవారు రెండోది కూడా కొనుక్కోవచ్చు; తయారీ సాఫీగా ఉందో లేదో చేత్తో తడిమి చూసి కొనగలిగితే ఇంకా మంచిది. నా నాలుగు నెలల లెక్కలో స్టీలు సెట్టు పదకొండుసార్లు బయటికి వచ్చింది. లక్కపిడతలను ఎన్నిసార్లు తీశారో లెక్క లేదు, ఎందుకంటే అవి ఒక్కరోజు కూడా పెట్టెలోకి తిరిగి వెళ్లలేదు.

పోయిన నెలలో అమ్మను తీసుకుని మళ్లీ ఏటికొప్పాక వెళ్లాను. సెట్టులో పప్పుగుత్తి లేదని అమ్మకు మొదటి నుంచీ గొడవే. నిజానికి ఇళ్లలో వాడే పప్పుగుత్తి కూడా కర్రదే, అదీ తరిణి మీద తీసిందే. ఇలాంటి ఊళ్లో దాని బుల్లిది లేకపోవడం అన్యాయమేనని నాకూ అనిపించింది. అడిగితే ఆ పనివాడు నవ్వి, ఎవరూ అడగడం లేదమ్మా అని, ఓ అంకుడు ముక్క తీసుకుని తరిణికి బిగించాడు. ఎంత పొడవు కావాలన్నాడు. నేను సంచిలో ఉన్న టేపు కోసం వెతుకుతుంటే అమ్మ తన చిటికెన వేలు చాపి చూపించింది. అతను ఒక్కసారి దానివైపు చూసి, మోటారు వేశాడు.